భూమానపరిశోధకుడు విలియం లాంబ్టన్

భూమి గోళాకారమైనదని మన సిద్ధాంతకారులు ఏనాడో నిర్ణయించిరి. ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతమున భూవ్యాసమును 1050 యోజనములుగ చెప్పెను. భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణియందు భూపరిధి 4967 యోజనములనియు, వ్యాసము 1581 యోజనములనియు చెప్పుటయే గాక, పరిధిని కనుగొను ఉపాయమును గూడ నిరూపించెను. ఒకే యామ్యోత్తరరేఖపైనున్న రెండు పురముల అక్షాంశముల అంతరమును, ఆ పురముల నడిమి దూరమును తెలిసికొన్నచో, త్రైరాశికముచే 360 అంశలకు ఎన్ని యోజనములగునో తేలును. ఉపాయము సులభమే. చిక్కంతయు ఆచరణమున కలదు. దూరమును దోషము లేకుండ కొలుచుట మొదటి చిక్కు. క్రిందు అనగా ఏ దిక్కో నిశ్చయించుట రెండవది. ఈ రెండవదానిని చిక్కుగా చిరకాలము ఎవరును భావింపలేదు. తాపీపనివాడు తూకపుగుండును దారమున వ్రేలాడదీసినపుడు అది చూపినదే క్రిందు గదా యని లోకము నమ్మియుండెను.

ఈ రెండు చిక్కులతో ఇరువది సంవత్సరములకు పైగా దక్షిణదేశమున పెనగి, ఆ పనిలోనే దేహమును విడిచినవాడు విలియం లాంబ్టన్. అతని పేరునకును మన లంబశబ్దమునకును సంబంధమేమియు లేదు. ఐనను అతని జీవితమంతయు లంబసూత్రమును పట్టుకొని వ్రేలాడినట్లే గడచుట విచిత్రము. ఏర్పేడునకు తూర్పుగా సుమారు 70 కిలోమీటర్ల దూరమున, దాదాపు అదే అక్షాంశముపైనున్న శ్రీహరికోటనుండి ఉపగ్రహములు నింగికేగుచున్న ఈ కాలమున, భూమిని కొలుచుటకు గొలుసులు లాగవలసిన పని తీరినది. కాని ఉపగ్రహములు సమాధానము చెప్పిన ప్రశ్నలలో ముఖ్యమైనదొకటి ఈ దక్షిణాపథమున లాంబ్టనునకు ఎదురైన ప్రశ్నయే.

లాంబ్టన్ 1753 ప్రాంతమున ఇంగ్లండు దేశమునందలి యార్కుషైరు మండలమున, నార్తలర్టన్ సమీపముననున్న క్రాస్‌బీ గ్రేంజి యను చోట సామాన్య కుటుంబమున జన్మించెను. గణితమున బాల్యమునుండియు అతనికి గట్టి ప్రవేశముండెను. 1781లో సైన్యమున చేరి 33వ పదాతిదళముతో అమెరికా సంగ్రామమునకు పోయి, ఆ సంవత్సరమే యార్క్‌టౌనున ఆంగ్లసేన లొంగిపోయినపుడు బందీ అయ్యెను. విడుదలయైన పిమ్మట న్యూ బ్రన్స్‌విక్కు మండలమున సైనికనివాసముల పర్యవేక్షణాధికారిగ పదుమూడేండ్ల పాటు ఒక మూలనుండెను. పదోన్నతి లేదు, గణన చేయుటకు కావలసినంత తీరిక మాత్రము కలదు. గణితగ్రంథములను, భూమానమును గూర్చి ఐరోపాలో జరుగుచున్న చర్చలను అతడు అక్కడనే శ్రద్ధగా చదివెను. లోకము మరచిన చోట కూర్చుండి శాస్త్రము చదివినవానికి ఆ చదువు ఎన్నడు అక్కరకు వచ్చునో ఎవరెరుగుదురు?

ఆ చర్చల సారమును ఇచ్చట కొంత చెప్పవలెను. భూమి తన యక్షముపై తిరుగుచుండుటచే మధ్యభాగమున ఉబ్బి, ధ్రువములకడ చదునై యుండవలెనని న్యూటన్ ఊహించెను. పారిస్ పండితులలో కొందరు తద్విరుద్ధముగ, ధ్రువములకడ కోలగా నుండునని వాదించిరి. 1730 దశకమున ఫ్రెంచివారు పెరూ దేశమునకు ఒక బృందమును, ధ్రువసమీపమునందలి లాప్‌లాండునకు మరియొక బృందమును పంపి కొలిపించిరి. అక్షాంశము ఒక అంశ మారుటకు భూమధ్యరేఖకడ నడువవలసిన దూరముకంటె ధ్రువముకడ నడువవలసిన దూరము అధికమని తేలెను. న్యూటన్ పక్షమే గెలిచెను. కాని చదునుతనము ఎంత? ఆ విషయమున ఒకరి లెక్క మరియొకరి లెక్కతో సరిపోలేదు. భూమధ్యరేఖకు సమీపముననున్న దేశమున దీర్ఘమైన చాపము కొలువబడినగాని నిర్ణయము కుదురదు. హిందూదేశపు దక్షిణభాగము దానికి అనువైన స్థలము.

33వ దళము హిందూదేశమునకు వచ్చిన పిమ్మట లాంబ్టన్ దానిని కలిసికొనెను. దానికి అధిపతి ఆర్థర్ వెల్లస్లీ. 1799లో టిప్పు సుల్తానుపై జరిగిన యుద్ధమున లాంబ్టన్ జనరల్ బెయిర్డు కడ ఉండెను. శ్రీరంగపట్టణ సమీపమున ఒక రాత్రి తోపును గాలించి తిరిగివచ్చుచున్న సేన దారి తప్పెను. దక్షిణముగ పోవుచున్నామని సేనాని తలంచుచుండగా, ఉత్తరముగ శత్రుశిబిరమునకే పోవుచున్నామని లాంబ్టన్ నక్షత్రములను చూచి చెప్పెను. దిక్సూచి తెచ్చి చూడగా అతని మాటయే నిజమయ్యెను. నక్షత్రములను నమ్మినవాడని నాటినుండి అతనికి పేరు వచ్చెను.

యుద్ధము ముగియగనే అతడు ఒక ప్రణాళికను సిద్ధపరచెను. తూర్పు సముద్రతీరమునుండి పశ్చిమతీరమువరకు ద్వీపకల్పమునకు అడ్డముగ త్రిభుజముల మాలను అల్లి, పటములకు స్థిరమైన ఆధారము కల్పించుట పైకి చెప్పిన ప్రయోజనము. ఆ నెపమున భూమి యాకృతిని నిర్ణయించుట లోని ప్రయోజనము. వెల్లస్లీ దానిని సమర్థించెను. మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవు 1800లో అనుమతించెను. ఐనను ఆక్షేపణలు తప్పలేదు. శ్రీరంగపట్టణమునకు పోదలచినవాడు పల్లకి బోయీలతో ఆ మాట చెప్పిన చాలును, వారే చేర్తురు, ఇంత వ్యయముతో కొలతలెందుకని ఆర్థికసంఘ సభ్యుడొకడు వాదించెనట. లండనులోని ఆస్థాన జ్యోతిర్విదుడు నెవిల్ మాస్కెలిన్ మాత్రము ఈ పని విలువను గుర్తించి అండగా నిలిచెను. ఈ మాస్కెలినే 1774లో స్కాట్లండులోని షిహాలియన్ పర్వతము చెంత తూకపుగుండు కొండవైపు ఒరుగుచున్నదని ప్రయోగముచే నిరూపించినవాడు. ముందు చెప్పబోవు విషయమునకు ఈ సంగతి ముఖ్యము.

పరికరముల కథ యొక పురాణము. అతనికి లభించిన ఉక్కుగొలుసు మెకార్ట్నీ రాయబారముతో చీనా చక్రవర్తికి కానుకగ పోయి, అక్కడ ఆదరింపబడక తిరిగివచ్చినది. పొడవు నూరు అడుగులు. కోణములు కొలుచు గొప్ప థియోడొలైటు ఇంగ్లండునుండి వచ్చుచుండగా ఒక ఫ్రెంచి నౌక పట్టుకొని మారిషసునకు కొనిపోయెను. అది శాస్త్రపరికరమని తెలిసి ఫ్రెంచివారు మర్యాదతో పంపివేసిరి. దాని వృత్తపు వ్యాసము 36 అంగుళములు. బరువు సుమారు అర టన్ను. ఇది గాక శిరోబిందువు చెంత నక్షత్రములు ఎన్ని అంశల దూరమున నున్నవో చూచుటకు రామ్స్‌డెన్ నిర్మించిన జెనిత్ సెక్టరు అను యంత్రమొకటి కలదు. దీని శూన్యస్థానమును నిర్ణయించునది లంబసూత్రమే.

1802 ఏప్రిల్, మే మాసములలో, మద్రాసు ఎండలలో, సెయింట్ థామస్ మౌంటునుండి పెరుంబాక్కము దిబ్బవరకు మొదటి ఆధారరేఖ కొలువబడెను. గొలుసును కఱ్ఱపెట్టెలలో పరచి, వానిని ముక్కాళ్ళపై మట్టముగ నిలిపి, ఉష్ణమాపకములు ఉంచి, ఎండవేడిమికి ఉక్కు ఎంత సాగెనో లెక్కించి, నాలుగు వందలసార్లు గొలుసు వేసినగాని ఆ ఏడున్నర మైళ్ళు పూర్తికాలేదు. నేలపై కొలుచుట అంతటితో సరి. ఆ పిమ్మట కొండశిఖరములనుండియు, గోపురములనుండియు కోణములను చూచి, త్రిభుజగణితముచే దూరములు సాధింపబడెను. త్రిభుజములు తూర్పుకనుమలను ఎక్కి బెంగుళూరు చేరినపుడు, 1804లో అక్కడ మరియొక ఆధారరేఖను నేలపై కొలిచి సరిచూచిరి. గణితము చెప్పిన పొడవునకును కొలిచిన పొడవునకును తేడా నాలుగంగుళములైన లేదు. ఇంత సూక్ష్మమైన పని అంతకుముందు ఈ దేశమున జరుగలేదు. త్రిభుజములు మంగళూరు చేరగా, పటములలో సుమారు 400 మైళ్ళుగ చూపబడిన ద్వీపకల్పపు వెడల్పు 360 మైళ్ళే యని తేలెను. నలుబది మైళ్ళ భూమి కాగితముపైనుండి మాయమయ్యెను.

తరువాత లాంబ్టన్ తన మనసులోని పనికి పూనుకొనెను. 78వ రేఖాంశమునకు దగ్గరగా, ఉత్తరదక్షిణముగ, కన్యాకుమారినుండి సాగు మహాచాపమును కొలువనారంభించెను. మన సిద్ధాంతములలోని లంకా–ఉజ్జయినీ–కురుక్షేత్ర రేఖకు ఇది సరిగా సరిపడకున్నను దానికి చేరువదియే. దక్షిణమునకు సాగినపుడు 1808లో తంజావూరున పెద్ద విపత్తు కలిగెను. మైదానప్రదేశమున కొండలు లేమిచే, థియోడొలైటును బృహదీశ్వరాలయ విమానముపైకి త్రాళ్ళతో ఎత్తించుచుండగా త్రాడు తెగి, యంత్రము గోడను తాకి, దాని వృత్తము వంగిపోయెను. మరియొకడైనచో లండనునకు వ్రాసి మూడేండ్లు వేచియుండును. లాంబ్టన్ ఎవరిని నిందింపక, గుడారమున ప్రవేశించి తలుపు మూసికొని, సరియైన వృత్తమును పెద్ద పలకపై చెక్కించి, మేకులతోను మరలతోను కప్పీలతోను వంగిన అంచును వెంట్రుకవాసి చొప్పున లాగి ఆరు వారములలో మరల పూర్వరూపమునకు తెచ్చెను. ఆ యంత్రముతోనే తరువాతి పని యంతయు సాగెను.

మహాచాపము ఉత్తరముగ తెలుగునేలను ప్రవేశించెను. 1811లో అనంతపురము మండలమునందలి గుత్తి చెంత ఆధారరేఖ కొలువబడెను. పిమ్మట నైజాము రాజ్యమున బీదరు సమీపమునందలి దామరగిద్దయొద్ద 1815లో మరియొకటి జరిగెను. దీనితో కన్యాకుమారి చెంతనుండి దామరగిద్దవరకు దాదాపు పది అంశల చాపము సిద్ధమయ్యెను. భూమధ్యరేఖకు ఇంత చేరువలో ఇంత దీర్ఘమైన చాపమును అంతకుముందెవ్వరు కొలువలేదు. ఐరోపా చాపములతో పోల్చి 1818లో ప్రకటించిన వ్యాసమున అతడు చదునుతనమును 310వ వంతుగ నిర్ణయించెను. అనగా భూమధ్యరేఖావ్యాసార్ధమున 310వ వంతు ధ్రువవ్యాసార్ధమున తగ్గియున్నదని భావము. అంతకు ముందటి సంవత్సరము లండను రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగ గైకొనెను. 1818 జనవరి 1 నుండి ఈ పని మద్రాసునుండి కలకత్తా ప్రభుత్వము క్రిందికి వచ్చి గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే యను పేరు పొందెను.

ఇంతవరకు విజయగాథ. లంబసూత్రము పెట్టిన బాధ దీనివెనుక కలదు. బెంగుళూరు చెంతనున్న దొడ్డగుంటయందు నక్షత్రవేధలచే వచ్చిన అక్షాంశము ఇతరస్థానముల లెక్కతో పొసగలేదు. వరుసగా పెరుగవలసిన అంశల పొడవులు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గినట్లు కనబడెను. అంతరము కొన్ని వికలలే. కాని అక్షాంశమున ఒక వికల తప్పినచో నేలపై సుమారు నూరు అడుగులు తప్పినట్లు. గొలుసు నాలుగంగుళములకు లోబడి పలుకుచుండగా నక్షత్రములు వందల అడుగులు తప్పుచున్నవి! యంత్రదోషమేమోయని అతడు మరల మరల చూచెను. యంత్రము నిర్దుష్టము. చెంత పెద్ద పర్వతమును లేదు. భూగర్భమున సాంద్రమైన ధాతురాశియేదో తూకపుగుండును తనవైపు లాగుచున్నదని అతడు ఊహించెను. ఇక్కడ అతని శీలము వెల్లడియగును. అనుకూలింపని వేధను దాచివేయుట సులభము. పండితలోకమున అట్టి పని జరుగనిదియు కాదు. అతడు మాత్రము పొసగనిదానిని పొసగలేదనియే వ్రాసి ప్రకటించెను. క్రిందు అను దిక్కు అంతట ఒకేతీరుగ నమ్మదగినది కాదని ఈ దేశమున కొలతలచే గుర్తించినవారిలో అతడు ప్రథముడు.

అతని పరివారమును గూర్చి చెప్పకున్న దోషమగును. జాషువా డి పెనింగ్, విలియం రోసెన్‌రోడ్ మొదలగు సహాయకుల పేర్లు నిలిచినవి. గొలుసు మోసినవారు, కొండలపై అడవి నరికి దారి చేసినవారు, జెండాలు పట్టుకొని శిఖరములపై కావలియున్నవారు, దీపములు వెలిగించినవారు వందల సంఖ్యలో ఈ దేశీయులు. వారి పేర్లు గ్రంథములకెక్కలేదు. 1818లో జార్జి ఎవరెస్టు ప్రధానసహాయకుడుగ నియుక్తుడై హైదరాబాదున లాంబ్టనును కలిసికొనెను. మరుసటి వర్షఋతువున కృష్ణాగోదావరుల నడిమి అడవులలో కొలతలకు పోయిన ఎవరెస్టు పరివారమంతయు విషజ్వరము పాలై, డోలీలపైనను ఏనుగులపైనను హైదరాబాదు చేర్పబడెను. పలువురు మరణించిరి. ఆ త్రిభుజముల మూల్యము ఆ ప్రాణములు.

లాంబ్టన్ అప్పటికి వృద్ధుడు. దగ్గు వేధించుచుండెను. ఐనను పనిని వదలలేదు. హైదరాబాదును విడిచి నాగపూరు దిశగా పోవుచు, దారిలో హింగన్‌ఘాట్ అను గ్రామమున 1823 జనవరి 20న గుడారమునందే తనువు చాలించెను. వయస్సు సుమారు డెబ్బది. అప్పటికి ఒక లక్ష అరువదియైదు వేల చదరపు మైళ్ళ భూభాగము అతని త్రిభుజములలో ఇమిడియుండెను. అతని సమాధి అచ్చటనే కలదు. కీర్తి ఎవరెస్టు పాలయ్యెను. ఎవరెస్టు 1830లో ప్రకటించిన భూగోళమానములు అతని పేరనే ప్రసిద్ధములై హిందూదేశ పటములకన్నిటికి ఆధారమైనవి. లోకమున అత్యున్నత శిఖరమునకును ఆ పేరే పెట్టబడెను. మహాచాపమును ఆరంభించినవాని పేర ఒక గుట్టయైన ప్రసిద్ధి పొందలేదు.

లంబసూత్రపు చిక్కు లాంబ్టనుతో పోలేదు. ఉత్తరమున హిమాలయములకు సమీపమునందలి కల్యాణకును, మధ్యదేశమునందలి కల్యాణపురమునకును నడుమ నేలకొలతకు, నక్షత్రవేధకు 5 వికలకు మించిన అంతరము వచ్చెను. ప్రాట్ అను గణితజ్ఞుడు 1855లో హిమాలయముల ఆకర్షణను లెక్కించి, తూకపుగుండు అంతకు దాదాపు మూడింతలు ఒరుగవలసినదని చూపెను. కొండలు లాగవలసినంత లాగలేదు! కొండల క్రింద, లోతున, తేలికయైన పదార్థము వేరువలె దిగియున్నదని ఏరీ అదే సంవత్సరము సమాధానము చెప్పెను. లంబసూత్రముచే భూమిపైభాగమును కొలువబోయినవారు తమకు తెలియకయే భూగర్భమును తూచనారంభించిరి.

దారము లేని లంబసూత్రము లభించుటకు మరి నూరేండ్లు పట్టెను. అదియే కృత్రిమోపగ్రహము. జ్యోతిషమున పాతమనగా ఏమో పాఠకులెరుగుదురు. చంద్రుని పాతమైన రాహువు విలోమగతితో పదునెనిమిదిన్నర యేండ్లకు పైగా ఒక చుట్టు తిరుగును. అది ప్రధానముగ సూర్యాకర్షణ ఫలము. భూమికి చేరువగ తిరుగు ఉపగ్రహమునకును పాతము కలదు. భూమి సర్వత్ర సమమైన గోళమైనచో భూమి యాకర్షణచే ఆ పాతము కదలరాదు. నడిమిభాగపు ఉబ్బుచే అది దినదినము జరుగును. ఎంత జరిగెనో చూచి, ఉబ్బు ఎంతయో లెక్కింపవచ్చును. 1957లో ఎగిరిన రెండవ స్పుట్నిక్కు, 1958లో ఎగిరిన వాన్‌గార్డు వీని పాతగతులనుండి చదునుతనము సుమారు 298.3వ వంతని కొలది మాసములలోనే తేలెను. అంతవరకు అంతర్జాతీయముగ గ్రహింపబడినది 297వ వంతు. తేడా స్వల్పముగ కనబడును గాని, ధ్రువముకడ అది సుమారు తొంబది మీటర్లు. పండితులు తరతరములుగ కొండలెక్కి సాధింపలేని సూక్ష్మతను మానవుడు విసరిన లోహపు గోళమొకటి ఆకాశమున తిరిగి తెచ్చి యిచ్చెను. వాన్‌గార్డు గతియందలి మరియొక సూక్ష్మభేదముచే భూమి ఉత్తరదక్షిణార్ధములు సరిసమానములు కావని, ఉత్తరధ్రువమున కొన్ని మీటర్లు ఎత్తు, దక్షిణధ్రువమున పల్లము కలవని 1959లో తెలిసెను.

ఆ ఉబ్బు ఇప్పుడు కొలువదగిన వస్తువు మాత్రమే కాదు, పనిముట్టు గూడ నైనది. శ్రీహరికోటనుండి 1994 అక్టోబరు 15న పి.ఎస్.ఎల్.వి. ఎత్తిన ఐ.ఆర్.ఎస్.-పి2 ఉపగ్రహమునకు, దినమునకు ఒక అంశకు కొంచెము తక్కువగ పాతము తూర్పునకు జరుగునట్లు కక్ష్య కల్పింపబడినది. సూర్యుడు నక్షత్రముల నడుమ జరుగుటయు అంతే. కావున ఆ యుపగ్రహము ప్రతిదినము ఒకే స్థానికవేళకు ఒక్కొక్క ప్రదేశముపై పోవుచుండెను. భూమి నిజమైన గోళమైనచో ఈ యుక్తి సాగదు.

2002లో ఎగిరి 2017వరకు పనిచేసిన గ్రేస్ అను జంట ఉపగ్రహములు ఒకదానివెంట నొకటి సుమారు 220 కిలోమీటర్ల దూరమున తిరిగెను. ముందు పోవునది సాంద్రమైన ప్రదేశమును సమీపించినపుడు ఆకర్షింపబడి వేగము పెంచుకొనును. నడిమి దూరము కొంచెము పెరుగును. ఆ పెరుగుదలను వెంట్రుకవాసికంటె ఎన్నో మడుగులు సూక్ష్మముగ కొలిచిరి. దొడ్డగుంటలో లాంబ్టన్ అనుమానించినది ఇదియే. అతని దోషము వీరికి ఫలమైనది. ఇట్టి ఉపగ్రహములు రచించిన పటములలో, భూగోళమంతటిలోను సముద్రమట్టము అన్నిటికంటె లోతుగ దిగిన చోటు కన్యాకుమారికి దక్షిణమున, సింహళమునకు ఆవల కలదు. ఉబ్బు గల ఆదర్శగోళమునకంటె అచ్చట నీరు సుమారు 106 మీటర్లు క్రిందనున్నది. ఉపగ్రహములకు ముందే ఓడలపై చేసిన ఆకర్షణమానములలో దీని జాడ కనబడినది. ఉపగ్రహములు దాని పరిమాణమును స్థిరపరచినవి. భూగర్భమున ఆఫ్రికాఖండము దిశనుండి వచ్చిన తప్తమైన తేలిక పదార్థము దీనికి హేతువై యుండవచ్చునని 2023లో బెంగుళూరు విజ్ఞానసంస్థ పరిశోధకులు ప్రతిపాదించిరి. లాంబ్టన్ మహాచాపము దక్షిణాగ్రము ఆ పల్లమువైపునకే చూచుచున్నది.

ఆ పల్లపు వాలు తెలుగునేలవరకు వ్యాపించియున్నది. ఏర్పేడు ప్రాంతము సర్వే ఆఫ్ ఇండియావారి పాత పటములలో 57 ఓ అను సంఖ్య క్రింద నుండెను. ఆ పటములకు ఆధారము ఎవరెస్టు గోళము, భూమధ్యరేఖావ్యాసార్ధము 6377.276 కిలోమీటర్లు, చదునుతనము 300.8వ వంతు. 2005 నాటి పటవిధానము పిమ్మట ప్రజల కొఱకైన పటములు ఉపగ్రహములచే నిర్ణయింపబడిన గోళమునకు మారినవి. అందు వ్యాసార్ధము 6378.137 కిలోమీటర్లు, చదునుతనము 298.257వ వంతు. నేడు ఏర్పేడులో ఉపగ్రహసంకేతములను గ్రహించు పరికరమును నేలపై నిలిపినచో, ఆ గోళమునుండి లెక్కించిన ఎత్తు తెలియును. సముద్రమట్టమునుండి మట్టపుబద్దతో కొలుచుకొని వచ్చిన ఎత్తు వేరు. ఈ రెండింటికి అచ్చట ఎనుబది మీటర్లకు మించిన అంతరము కలదు.